మాటల సంగతి తర్వాత, ముందు వేలు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే భయం ఉంది. కొందరు "మా బాబుకి ఆటిజమా?" అని సూటిగా అడిగారు. కొందరు ఆ మాట రాయడానికే జంకి, రెండు పేజీలు చుట్టూ తిరిగారు. అందుకే నత్తి, గొంతు బొంగురు ప్రశ్నలను వచ్చే నెలకు జరిపి ఈ పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా, పిల్లలు ఇతరులతో కలవడంలో, మాటలో, ఆటలో అది కనిపిస్తుంది. కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో: మాది హిందూపురం. మైసూరులో అందరూ ఆయిష్ అని పిలుచుకునే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదివి, బెంగళూరు బానస్‌వాడిలో పిల్లలకు స్పీచ్ థెరపీ చేస్తుంటాను. డాక్టర్‌ని కాను. ఫలానా బిడ్డకు ఆటిజం ఉందో లేదో ఉత్తరం చూసి చెప్పలేను. అలా చెప్పేవాళ్ళు ఎవరైనా తగిలితే వాళ్ళకు దూరంగా ఉండండి.

ప్రశ్న: మేడమ్, మేం మారతహళ్ళిలో ఉంటాం. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. బాబుకి 20 నెలలు. "అమ్మ" అన్న మాట ఎప్పుడో ఒకసారి వస్తుంది, అదీ నన్ను చూసి అనడు. కానీ ఇంగ్లిష్ అక్షరాలన్నీ, ఇరవై దాకా అంకెలు గడగడా చెప్పేస్తాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. పక్క గదిలో చిప్స్ ప్యాకెట్ చప్పుడైతే మాత్రం పరిగెత్తుకొస్తాడు. ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. ఫ్యాన్ వేస్తే నేల మీద పడుకుని అలా చూస్తూనే ఉంటాడు. పిల్లల డాక్టర్ "రెండేళ్ళు నిండనివ్వండి" అన్నారు. మా అత్తగారేమో "వాళ్ళ నాన్న మూడేళ్ళకి గానీ నోరు విప్పలేదు, వస పోయండి చాలు" అంటారు. రాత్రిళ్ళు ఫోన్‌లో వెతికి వెతికి టెన్షన్‌తో నిద్ర ఉండటం లేదు. ఆగాలా, చూపించాలా?

జవాబు: చూపించాలమ్మా. రెండేళ్ళు నిండేదాకా ఆగకండి, ఈ నెలలోనే చూపించండి.

మీరు మాటల గురించి చాలా రాశారు. నేను మాత్రం మణికట్టు గురించి రాసిన వాక్యం దగ్గర ఆగాను. ఇరవై నెలలకు పిల్లలందరికీ ఒకే లెక్కలో మాటలు రావు. కొందరు నిజంగానే ఆలస్యంగా మొదలుపెడతారు, తర్వాత ఆపమన్నా ఆపరు. అయితే ఆ పిల్లలు మాటలు రానప్పుడు కూడా ఊరుకోరు. వేలితో, కళ్ళతో, మొహంతో పొద్దస్తమానం కబుర్లు చెబుతూనే ఉంటారు.

మీ ఇంటి మీదుగా హెచ్‌ఏఎల్ నుంచి లేచే విమానాలు, హెలికాప్టర్లు పోతుంటాయి కదా. పదిహేను, పదహారు నెలల బిడ్డ బాల్కనీలో ఉన్నాడనుకోండి. చప్పుడు వినగానే తల ఎత్తుతాడు, వేలు చాపుతాడు, "ఆ!" అంటాడు, ఆ వెంటనే అమ్మ మొహంలోకి చూస్తాడు. అమ్మ చూసిందా లేదా అని ఆరా. అమ్మ "అబ్బో, విమానమే!" అంటే మళ్ళీ విమానం వైపు చూస్తాడు. వాడికి ఆ విమానం కావాలని కాదు. తను చూసింది అమ్మ కూడా చూడాలి, అంతే. ఇంకొకరి దృష్టిని తను చూస్తున్నదాని మీదికి లాగడమన్నమాట. ఇది 18 నెలలకల్లా రావాలి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో మాటల కంటే ముందు వెనకబడేది ఇదే.

మీ బాబు మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళడం వేరు. అక్కడ వాడికి కావలసింది మీ చెయ్యి. ఆ సమయంలో మీ మొహం వైపు చూస్తున్నాడా? ఫ్రిజ్ తెరవగానే మిమ్మల్ని మరిచిపోతున్నాడా? రెండు రోజులు ఇది ఒక్కటే గమనించి రాసిపెట్టుకోండి. ఏదో కావాలని వేలు చూపించడం ఒకటి, ఊరికే చూడమని చూపించడం మరొకటి. నన్ను అడిగితే రెండోదాని గురించే ఎక్కువ పట్టించుకోమంటాను. "మా వాడు వేలు పెడతాడండీ" అని ధీమాగా వచ్చేవాళ్ళలో చాలామంది చెప్పేది మొదటిదే.

అక్షరాలు, అంకెల విషయంలో మనసు చిన్నబుచ్చుకోకండి. వాడి జ్ఞాపకశక్తి బాగుంది, అది మంచిదే. కానీ టీవీ ప్రకటన కంఠస్థం వచ్చినంత మాత్రాన సబ్బు అడగడం వచ్చినట్టు కాదు. దాహమేస్తే ఏం చేస్తాడు? దెబ్బ తగిలితే మీ దగ్గరికి వస్తాడా, ఉన్నచోటే ఏడుస్తాడా? వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రాగానే గుమ్మం వైపు చూస్తాడా? డాక్టర్ అడిగేవి ఇలాంటివే.

మీ ఉత్తరంలో లేని వివరాలు కొన్ని చెబుతాను, సరిచూసుకోండి. తొమ్మిది నెలలకల్లా పేరు పిలిస్తే తిరిగి చూడాలి. నవ్వితే నవ్వడం, కోపం, ఆశ్చర్యం మొహంలో తెలియాలి. ఏడాదికల్లా టాటా చెప్పడం, జేజి పెట్టడం, ఎత్తుకోమని చేతులు చాపడం లాంటివి కొన్నైనా ఉండాలి. పదిహేను నెలలకు ఆకో, బొమ్మో, చెప్పో తెచ్చి మీకు చూపించాలి. ఇవి ఉండి పోయినా, అంటే నిరుడు టాటా చెప్పిన బిడ్డ ఇప్పుడు మానేసినా, వచ్చిన నాలుగు మాటలు మాయమైనా ఒక్క వారం కూడా ఆగకూడదు. వయసు ఎంతన్నది అక్కడ లెక్కలోకే రాదు.

ఫ్యాన్ ఒక్కదాన్నీ పట్టుకుని భయపడకండి. తిరిగేది ఏదైనా పసివాళ్ళకు ఇష్టమే. బొమ్మలు వరసగా పేర్చడం, మునివేళ్ళ మీద నడవడం, సంతోషమొస్తే చేతులు తపతపలాడించడం మామూలు పిల్లల్లోనూ కొంతకాలం కనిపిస్తాయి. ఫ్యాన్ చూస్తున్నవాణ్ణి ఆటలోకి పిలిస్తే వస్తాడా, లాగినకొద్దీ మళ్ళీ అక్కడికే పోతాడా అన్నది చూడండి. ఒక్క లక్షణంతో ఏదీ తేలదు. మీ ఉత్తరంలో పేరుకు తిరగకపోవడం, చూపించే బదులు చెయ్యి పట్టి లాగడం, మాట లేకపోవడం మూడూ కలిసి ఉన్నాయి. అందుకే వెంటనే అంటున్నాను.

మొదటి పని వినికిడి పరీక్ష. చిప్స్ ప్యాకెట్ చప్పుడు వినిపించింది కదా అని వదిలేయకండి. కొందరికి కొన్ని రకాల ధ్వనులే సరిగా అందవు, మనిషి గొంతు అరకొరగా చేరుతుంది. బిడ్డ నిద్రపోతుండగా చేసే బేరా పరీక్ష ఉంది, నొప్పి ఉండదు. దానికి ముందు బిడ్డకు నిద్ర సరిపోనివ్వకండి, లేకపోతే అక్కడికెళ్ళాక వాడు పడుకోడు, మీరు ఇంకో రోజు సెలవు పెట్టాలి.

రెండోది, ఎమ్‌చాట్ అనే ప్రశ్నపత్రం. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైంది. 20 ప్రశ్నలు, అవును లేదా కాదు అని తల్లిదండ్రులే టిక్ పెట్టాలి. రెండు చిక్కులున్నాయి. బిడ్డ ఏదో ఒకటి రెండుసార్లు చేశాడు, మామూలుగా చేయడు అనుకోండి, దానికి "కాదు" అనే పెట్టాలి. మనం ప్రేమకొద్దీ "అవును" పెట్టేస్తాం. ఇంకోటి, మిగతా ప్రశ్నలకు "కాదు" అంటే అనుమానపు మార్కు పడుతుంది, 2, 5, 12 ప్రశ్నలు మాత్రం తిరగేసి ఉంటాయి. చెవుడేమోనని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా, కళ్ళ దగ్గర వేళ్ళు వింతగా ఆడిస్తాడా, మామూలు చప్పుళ్ళకు కంగారుపడతాడా అన్నవి అవి. వీటికి "అవును" అంటేనే అనుమానపు మార్కు. మొత్తం రెండు, అంతకంటే తక్కువ వస్తే ప్రస్తుతానికి భయం తక్కువ. మూడు నుంచి ఏడు మధ్యలో వస్తే ఆ ప్రశ్నల మీద ఇంకాస్త లోతుగా మాట్లాడి తేల్చుకోవాలి. ఎనిమిది, ఆపైన వస్తే నేరుగా పూర్తి పరీక్షకు వెళ్ళాలి. అది జల్లెడ మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఎక్కువ వచ్చిన పిల్లలందరికీ ఆటిజం ఉండదు, తక్కువ వచ్చినంత మాత్రాన మీ అనుమానం కొట్టేయాల్సిన పనీ లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏ అనుమానమూ లేని పిల్లలకు కూడా 18 నెలలప్పుడు, 24 నెలలప్పుడు ఇలా చూడమంటుంది. అనుమానం ఉన్న మీరు రెండేళ్ళు నిండేదాకా కూర్చోవడం ఎందుకు?

మీ ఊళ్ళోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, పిల్లల మానసిక వైద్య విభాగం అక్కడ ప్రత్యేకంగా ఉంది. ఆ పక్కనే ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రి. ప్రైవేటులో అయితే పిల్లల ఎదుగుదలలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన పిల్లల డాక్టర్‌ని అడగండి. మామూలు పిల్లల డాక్టర్ జ్వరం, టీకాల రద్దీలో ఐదు నిమిషాలు చూస్తారు. ఆ ఐదు నిమిషాలూ బిడ్డ ఏడుస్తూ ఉంటాడు. వేలు చూపిస్తాడా లేదా అన్నది అక్కడ తెలియదు.

ఎక్కడికెళ్ళినా తేదీ దొరకడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా ఊరికే ఉండకండి. నేల మీద వాడికి ఎదురుగా కూర్చోండి, మీ మొహం వాడి కళ్ళ ఎత్తున ఉండాలి. సబ్బు నీళ్ళ బుడగలు ఊదండి. నాలుగు ఊది మూత పెట్టి సీసా వాడి చేతికివ్వండి, ఏమీ అనకుండా ఆగండి. వాడు సీసా మీకు తిరిగిచ్చినా, ఒక్క క్షణం మీ వైపు చూసినా వెంటనే ఊదండి. బిస్కెట్లు కనిపించే గట్టి డబ్బాలో పెట్టి అందుబాటులో ఉంచండి, తీయలేక మీ దగ్గరికి రావాలి. వాడు కారు చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా మీరూ ఇంకో చక్రం తిప్పండి. కొంతసేపటికి మీ చక్రం వైపు చూస్తాడు. "ఇదేంటి? అదేంటి? చెప్పు, చెప్పు" అనే పరీక్షలు మానేయండి. ప్రశ్నలు తగ్గించి చిన్న మాటలు వాడండి: "బుడగ. ఉఫ్. పగిలింది!"

ఇది తల్లిని ఊరడించడానికి చెప్పే మాట అనుకోకండి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసి 2016లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. వాళ్ళు తల్లిదండ్రులకు ఇలా బిడ్డను గమనించి ఆడటం నేర్పారు. ఆ ఇళ్ళలో తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం, బిడ్డ తనంతట తాను వాళ్ళను కదిలించడం పెరిగాయి. థెరపిస్టు దగ్గర వారానికి రెండు గంటలుంటారు. మిగతా వారమంతా బిడ్డ మీ దగ్గరే ఉంటాడు.

ఇక అత్తగారు. వసతో మాట వస్తుందనడానికి ఆధారం లేదు, మోతాదు మించితే వాంతులు పట్టుకుంటాయి, కాబట్టి వద్దు. ఆవిడ చెప్పిన రెండో మాటను మాత్రం కొట్టిపారేయను. ఆలస్యంగా మాట్లాడటం కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "అత్తయ్యా, ఆయన రెండేళ్ళప్పుడు కావలసింది వేలు పెట్టి చూపించేవారా? కాకిని చూపిస్తే చూసేవారా? పిలిస్తే పలికేవారా?" అని అడగండి. పెంచిన మనిషికి అవన్నీ గుర్తుంటాయి. వాదన పెట్టుకోకుండా ఆవిడ చేతే జవాబు చెప్పించండి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, ఆయాతో కన్నడం, అపార్ట్‌మెంట్ పిల్లలతో హిందీ. పాపకి రెండేళ్ళు దాటాయి, మాటలు తక్కువ. ప్లేస్కూల్‌లో "భాషలు ఎక్కువై కన్ఫ్యూజ్ అవుతోంది, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి" అన్నారు. మాది గుంటూరు, మా ఆవిడ పుట్టింటివాళ్ళు రోజూ వీడియో కాల్‌లో మాట్లాడతారు. తెలుగు మానేయాలా? – ఒక తండ్రి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: మానేయొద్దు బాబూ. భాషలు ఎక్కువ కావడం వల్ల ఆటిజం రాదు, మాట ఆగిపోదు. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు. ఈ ప్లేస్కూళ్ళ ఇంగ్లిష్ సలహా విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మీ ఆవిడ పాపను ముద్దు చేసేది, కోప్పడేది, అలిగితే బుజ్జగించేది తెలుగులో. అది తీసేసి, ఆఫీసు ఇంగ్లిష్‌లో "కమ్ హియర్, సిట్ డౌన్" అంటే పాపకు దక్కేది ఆజ్ఞలే.

మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలపండి. "నీళ్ళు" ఒకటి, కన్నడంలో వద్దు అనే "బేడ" ఒకటి, "బాల్" ఒకటి. రెండేళ్ళకు రెండు మాటలు జత చేయాలి, "పాలు ఇవ్వు", "నాన్న పోయాడు" లాంటివి. అలా కలిపి లెక్కపెట్టినా మాటలు తక్కువే ఉంటే తప్పు భాషల మీదికి నెట్టకుండా పాపను చూపించండి. పై జవాబులో రాసిన వేలి సంగతి పాపలో చూసి, వచ్చే నెల నాకు రాయండి.

ప్రశ్న: అమ్మా, నేను చెన్నై పెరంబూరులో ఉంటాను, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మనవరాలికి మూడేళ్ళు. అందరూ మహా తెలివైనదంటారు. బస్సుల మీద నంబర్లు, అంగళ్ళ బోర్డులు చదువుతుంది. కానీ "పాలు కావాలా?" అని అడిగితే "పాలు కావాలా?" అనే అంటుంది. ఆకలేస్తే నా దగ్గరికొచ్చి "నీకు ఆకలేస్తుందా?" అంటుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని బాత్రూమ్‌లోకి పరుగు. బడిలో ఒక మూల కూర్చుని ఒకే బొమ్మ జుట్టు దువ్వుతుందట. నాకేదో తేడాగా ఉంది. అబ్బాయితో అంటే "బిడ్డకు లేనిపోని పేర్లు పెట్టకు నాన్నా" అని కసిరాడు. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. ఎలా చెప్పను?

జవాబు: పెద్దవారు, మీకు నమస్కారం. మీరు గమనించినంత వివరంగా నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు కూడా చాలామంది చెప్పలేరు.

విన్నదాన్ని విన్నట్టే తిరిగి అనడం మాట నేర్చుకునే పిల్లలందరూ కొంతకాలం చేస్తారు. మూడేళ్ళు వచ్చాక కూడా అడగడానికి అదే దారి అయితే ఆలోచించాలి. మీ మనవరాలు "నీకు ఆకలేస్తుందా?" అన్నప్పుడు తిక్కగా మాట్లాడటం లేదు. ఆకలేసినప్పుడల్లా మీరు ఆ మాట అన్నారు, వెంటనే అన్నం వచ్చింది. కాబట్టి అన్నం రావాలంటే అనవలసిన మాట అదే అనుకుంది. నవ్వకండి, సరిదిద్దకండి. "నాకు ఆకలేస్తోంది" అని ఆమె తరఫున మీరే అని అన్నం పెట్టండి. పాలకూ అంతే, "కావాలా?" అని అడగడం తగ్గించి, గ్లాసు చూపించి "పాలు కావాలి" అనండి. మిక్సీ వేసే ముందు "మిక్సీ వేస్తున్నాం" అని చెప్పి, ఆమెను పక్క గదికి వెళ్ళనివ్వండి. చెవుల మీంచి చేతులు లాగకండి. మనకు మామూలైన చప్పుడు ఆమెకు నిజంగానే భరించలేనంత ఉండవచ్చు.

ఆడపిల్లల్లో ఆటిజాన్ని గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది. ఆటిజం అని తేలిన పిల్లల్లో ఒక ఆడపిల్లకు దాదాపు నలుగురు మగపిల్లలుంటారు. అందులో కొంత తేడా నిజంగా ఉన్నదే, కొంత మనం ఆడపిల్లల్ని సరిగా చూడకపోవడం వల్ల వచ్చింది. మగపిల్లాడు గంటసేపు చక్రం తిప్పితే ఇంట్లో అందరూ కంగారుపడతారు. ఆడపిల్ల గంటసేపు బొమ్మకు తల దువ్వితే "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. పైగా చాలామంది ఆడపిల్లలు పక్కవాళ్ళను చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారు. చదవడం తొందరగా రావడం ముచ్చటే. చదివినదాన్ని మీకు చూపించి మురుస్తోందా, తనలో తాను చదువుకుంటోందా చూడండి.

అబ్బాయి సంగతి. ఆటిజం అన్న మాట మళ్ళీ మీ నోటి నుంచి రానివ్వకండి. ఆ పేరు పెట్టడం డాక్టర్ల పని, తాతగారిది కాదు. మీరు చూసినది మాత్రమే చెప్పండి: మిక్సీ, పాలు, బడిలో మూల. ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసిపెట్టండి. బంధువుల ముందు, పండగ భోజనాల దగ్గర ఎత్తకండి. నా సలహా అడిగితే ముందు కోడలితో మాట్లాడండి. తల్లికి చాలాసార్లు అనుమానం ముందే ఉంటుంది, పైకి అనే ధైర్యమే ఉండదు. "అమ్మాయీ, ఒకసారి చెవులు పరీక్ష చేయిద్దామా, నేనూ తోడొస్తాను" అంటే తలుపు తెరుచుకోవచ్చు. చెవి పరీక్ష దగ్గర ఎవరికీ పరువు అడ్డు రాదు.

చెన్నైలో ఎగ్మూర్ ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి మీకు దగ్గరే. ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. పరీక్షలు, చిన్నపిల్లల థెరపీ ఒకేచోట జరుగుతాయి. పెరంబూరు నుంచి దూరమే, పొద్దున్నే బయల్దేరాలి.

ఒకవేళ ఆటిజం అని తేలితే ఉపయోగపడే సంగతి కూడా చెప్పి ఉంచుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం చూసే 40 అంశాల కొలమానం మన సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చుకూ అందులో కొంత వాటా ఉంటుంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకు ముద్ర పడిపోతుందని మీ అబ్బాయి అనవచ్చు. తీసుకున్నంత మాత్రాన బడిలో అందరికీ చూపించనక్కర్లేదు, బీరువాలో ఉంచుకోవచ్చు.

ప్రశ్న: బాబు పుట్టాక ఇంటి నుంచే పని చేశాను, ఒక్కదాన్నే. తినిపించాలంటే ఫోన్ పెట్టేదాన్ని. ఇప్పుడు రెండున్నరేళ్ళు, మాట రాలేదు. అందరూ "నువ్వు ఫోన్ అలవాటు చేసి వాడికి వర్చువల్ ఆటిజం తెప్పించావు" అంటున్నారు. మూడు నెలలు ఫోన్ మాన్పించి చూద్దామంటున్నారు. – ఒక తల్లి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఆ అందరిలో ఎవరైనా ఒక పూట వచ్చి వాడికి అన్నం తినిపించారా తల్లీ?

వర్చువల్ ఆటిజం అనే జబ్బు వైద్యుల నిర్ధారణ పట్టికల్లో లేదు. ఆటిజం మెదడు ఎదిగే తీరులో, చాలావరకు పుట్టకముందే మొదలయ్యే తేడా. వంశపారంపర్యం పాత్ర అందులో చాలా పెద్దది. ఫోన్ దాన్ని పుట్టించదు. ఫోన్ చేసే నష్టం వేరు. మనిషితో ఆడాల్సిన గంటలను తినేస్తుంది. రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య గంట మించొద్దనీ మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. కాబట్టి మాన్పించండి, ముందు భోజనం దగ్గర. నాలుగు రోజులు గోల ఉంటుంది, రెండు ముద్దలు తక్కువ తింటాడు, ఏమీ కాదు. కానీ "మూడు నెలలు చూసి అప్పుడు డాక్టర్ దగ్గరికి" అన్నది మాత్రం ఒప్పుకోను. రెండూ ఒకేసారి మొదలవ్వాలి. రెండున్నరేళ్ళ వయసులో మూడు నెలలంటే చాలా ఎక్కువ.

తల్లిని నిలదీయడం కొత్తది కాదు. 1950లు, 60ల్లో పేరున్న డాక్టర్లే తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల ఆటిజం వస్తుందని రాశారు. ఆటిజం ఉన్న కొడుకున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో దాన్ని గట్టిగా ఖండించాడు, తర్వాత శాస్త్రం కూడా ఆ వాదాన్ని పక్కన పడేసింది. మీ చుట్టాలకు ఆ కబురు ఇంకా అందలేదు.

ప్రశ్న: పెద్దబాబుకి ఆటిజం. చిన్నదానికి తొమ్మిది నెలలు నిండుతున్నాయి. తట్టు టీకా వేయించాలంటే భయంగా ఉంది.

జవాబు: వేయించండి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సంబంధం కనిపించలేదు. తోబుట్టువుకు ఆటిజం ఉన్న పిల్లల్ని విడిగా చూసినా అంతే. లక్షణాలు తెలిసే వయసూ టీకాల వయసూ ఒకటే కావడంతో ఈ అనుమానం పోవడం లేదు.

మీరు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం అయిదుగురిలో ఒకరికి అని 2024లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. అయిదుగురిలో నలుగురికి రాదన్నమాట. పాపను ఇప్పటి నుంచే డాక్టర్ కంట్లో ఉంచండి: పేరుకు తిరుగుతోందా, మీ నవ్వుకు నవ్వుతోందా, త్వరలో టాటా, ఆ తర్వాత వేలు.

ప్రశ్న: స్టెమ్ సెల్ ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందని ఒకచోట ప్యాకేజీ చెప్పారు. పొలం అమ్మి కట్టమంటారా?

జవాబు: అమ్మకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స, అంటే మూలకణాలు ఎక్కించడం, పనిచేస్తుందని రుజువు కాలేదు. దాన్ని వాడవద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బు బాబు థెరపీకి, బడికి ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

ప్రశ్న: మొదటిసారి వెళ్తున్నాం. ఏమేం తీసుకెళ్ళాలి?

జవాబు: పుట్టినప్పటి ఆస్పత్రి కాగితాలు, టీకాల కార్డు, వినికిడి రిపోర్ట్ ఉంటే అది. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, పేరు పిలిచినప్పుడు, తింటున్నప్పుడు తీసిన వీడియోలు. ఏడాది పుట్టినరోజు వీడియో ఉంటే తప్పకుండా, అప్పట్లో ఎలా ఉండేవాడో డాక్టర్‌కు అదే చెబుతుంది. అడగాల్సినవి కాగితం మీద రాసుకోండి, లోపలికెళ్ళాక సగం మరిచిపోతాం. వాడికిష్టమైన బొమ్మ, తినుబండారం, ఒక జత బట్టలు. వాడు నిద్రపోయే వేళకు అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. పగలంతా ఆయా దగ్గర పెరిగే బిడ్డయితే ఆమెను కూడా తీసుకెళ్ళండి. ఆమెకు కన్నడం తప్ప రాకపోయినా ఫరవాలేదు, బెంగళూరు ఆస్పత్రుల్లో అది చాలామందికి వచ్చిన భాషే. ఆ రోజు కూలీ మాత్రం కోసేయకండి.